మా యింటి క్రొత్త యాంప్లిఫయరు

మేమిద్దరము తోడికోడండ్రము. విజయవాడలో ఒక్క యింట, ఒక్క పొయ్యిమీద, పదునేడేండ్లుగా కాపురము చేయుచున్నాము. మాలో నొకరు వ్రాసినదానిని రెండవవారు దిద్దక మానరు. కావున నీ వ్యాసము నెవరు వ్రాసిరన్న ప్రశ్నకు మాకే సరియైన సమాధానము లేదు. "మేము" అనియే వ్రాయుచున్నాము. సోదరీమణులు మన్నింతురు గాక.

మా ముందుగదిలో హోం థియేటరు వెలసి యాఱేండ్లైనది. టీవీక్రింద నొక స్పీకరు, ఇరుప్రక్కల రెండు, సోఫా వెనుక రెండు, మూలను సబ్ ఊఫరు. వీని కన్నిటికిని రిసీవరను పెట్టె యజమాని. ఆ పెట్టె చేయు పనులు మూడు. కేబులునుండియా, డిస్కునుండియా, యెందుండి శబ్దము రావలయునో యెంచుట యొకటి. వచ్చిన శబ్దమును విడదీసి, మాటలను నడిమి స్పీకరునకు, వానచప్పుడును వెనుకవానికి, నెవరి పాలు వారికి పంచుట రెండవది. అట్లు పంచిన సన్నని సంకేతములకు స్పీకరును కదలింపగల బలము నిచ్చుట మూడవది. వండుట, వడ్డించుట, అంట్లు తోముట యొక్క కోడలే చేయు నిల్లువంటిది రిసీవరు. నలుగు రున్నంతకాలము సాగును. పండుగనాడు పదిమంది వచ్చిరా, ఆమెకు చేయి యాడదు.

అందుచే బలమిచ్చు పనిని మాత్రము వేఱొక పెట్టెకు అప్పగింపవలెనని మా యింటి పురుషు లిద్దఱును నిశ్చయించిరి. దాని పేరు మల్టీఛానల్ పవర్ యాంప్లిఫయరు. మా స్పీకర్లకు సరిపడునట్లు ఐదు ఛానళ్లది. ఎంచుటయు పంచుటయు రిసీవరుదే. ఆ సంకేతములను దాని వెనుకనున్న "ప్రీ అవుట్" రంధ్రములనుండి తీగలతో తెచ్చి క్రొత్తపెట్టె కిచ్చినచో, స్పీకర్లను పలికించు బరువంతయు నది మోయును. రిసీవరునకు తోడికోడలు వచ్చుచున్నదని మేము నవ్వుకొంటిమి. నవ్వుకొన్నామే కాని సమ్మతింపలేదు. చీటీ పాడగా వచ్చిన లక్షా ముప్పదివేల రూపాయలతో మేడమీది గది కప్పు కారకుండ మరమ్మతు చేయింపవలెనని మే మదివఱకే యనుకొనియుంటిమి.

పెద్దవారు కాగితము పెన్సిలు తీసికొని మాకు బోధింప మొదలిడిరి. రిసీవరుమీద స్పీకరుకు నూఱేసి వాట్లని యున్నదట. కాని యా నూఱు రెండు స్పీకర్లు మాత్రము పలుకునప్పటి లెక్క. ఐదును ఒక్కమాఱు గొంతెత్తినచో, ఒక్క ట్రాన్సుఫార్మరే యైదింటికి పెట్టవలసివచ్చి, ఒక్కొక్కదాని వంతు తగ్గును. ఈ సంగతి వివరముల పుస్తకములో సన్నని యక్షరములలో నుండును. ఇట్టి వాట్ల ప్రగల్భములు నేటివి కావు. అమెరికాలో వర్తకు లెవరికి తోచిన లెక్క వారు వేసి యమ్ముచుండగా, 1974లో అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషను యాంప్లిఫయరు బలము నెట్లు కొలిచి చెప్పవలయునో యొక నియమమే చేయవలసివచ్చినది. నగలకొట్టులో తరుగు లెక్కలు విని విని యలవాటైన మాకు ఇం దాశ్చర్య మేమియు తోపలేదు.

మాలో నొకరు కాలేజీలో భౌతికశాస్త్రము చదివినవారు. కాగితము మే మందుకొంటిమి. మా స్పీకరునకు ఒక్క వాటు ఇచ్చినచో మీటరు దూరమున 88 డెసిబెల్లుల శబ్దము వచ్చును. మేము కూర్చుండునది మూడు మీటర్ల దూరమున. అచ్చటికి చేరునప్పటికి 80 దాపున నిలుచును. మాటలు హాయిగా వినుటకు 70 చాలును. డెసిబెల్లుల లెక్కలో పది తగ్గిన పదియవవంతు బలమే కావలయును గనుక, మనము సాయంకాలము సీరియలు చూచునప్పుడు ఖర్చగునది వాటులో పదియవవంతు! అదే లెక్కను పైకి పోయినచో, 90కి పది వాట్లు, 100కి నూఱు వాట్లు. మఱి నూఱు వాట్లను రెండువందలు చేసినచో పెరుగునది మూడు డెసిబెల్లులు మాత్రమే. చెవికి రెట్టింపుగా తోపవలెనన్న బలము పదిరెట్లు కావలయును. "మూడు డెసిబెల్లుల కోసము మేడమీది కప్పు నమ్ముకొందుమా?" అని యడిగితిమి.

చిన్నవారు తగ్గలేదు. ఇది యెక్కువ శబ్దమునకు గాదనియు, పెద్ద శబ్దము వచ్చిన క్షణమున గొంతు బొంగురుపోకుండుటకనియు వాదించిరి. బలము చాలని యాంప్లిఫయరు శబ్దతరంగముల కొనలను కత్తెరతో కత్తిరించినట్లు నఱకివేయును. అదే మనకు గరగరగా, చెవిలో గ్రుచ్చుకొన్నట్లు వినవచ్చును. ఆ మాట నిజమే. ఆ వేగములో వారు హెరాల్డ్ బ్లాక్ కథ గూడ చెప్పిరి. ఆయన బెల్ ప్రయోగశాలల ఇంజనీరు. 1927 ఆగస్టులో నొకనాటి యుదయమున, ఉద్యోగమునకు బోవుచు హడ్సను నదిపై పడవలో నుండగా, యాంప్లిఫయరు తన పలుకులో కొంత వెనుకకు త్రిప్పి, తానే విని, తన వంకర తానే దిద్దుకొను ఉపాయము తోచినదట. కాగితము లేక చేతనున్న వార్తాపత్రికమీదనే గీసికొనెనట. నేటి యాంప్లిఫయర్ల స్వచ్ఛత కది మూలము. కథ మాకు నచ్చినది. కాని కప్పు కారుట మానదు గదా!

అప్పుడు వారిద్దఱును తిరుగులేని బాణము తీసిరి. "అమ్మకు సినిమాలో మాటలు సరిగా వినబడుట లేదు. ఇది అమ్మకోసము" అనిరి.

అత్తగారు వత్తులు చేసికొనుచుండిరి. తల యెత్తక "నాకు బాగానే వినబడుతోంది నాయనా. నేను చెప్పేదే ఈ ఇంట్లో ఎవరికీ వినబడటం లేదు" అనిరి. అందఱము నవ్వితిమి. యాంప్లిఫయరు మఱుసటి వారము వచ్చెను.

ఇరువది యేడు కిలోల బరువు. ఇద్దఱు మోసికొని వచ్చిరి. టీవీక్రింది చెక్కబీరువాలో బొమ్మలకొలువు పెట్టెలు తీయించి పెట్టబోగా పలక వంగెను. చివరకు నేలమీద నొక గ్రానైటు పలక పఱచి, వేడి పోవుటకు పైని జానెడు చోటు విడిచి నిలిపిరి. బొమ్మలపెట్టెలు మంచముక్రిందికి పోయినవి. ఐదు తీగలు బిగించిరి, మూడుపుల్లల ప్లగ్గును పదునాఱు యాంపియర్ల సాకెట్టులో పెట్టిరి, మీట నొక్కిరి.

హూఁ... అని యొక హోరు. సినిమా లేదు, పాట లేదు. ఐదు స్పీకర్లనుండియు తుమ్మెదలు దూరినట్లు ఆగని హోరు. శబ్దము తగ్గించు మీట సున్నకు త్రిప్పినను అది తగ్గలేదు.

ఆ వారమంతయు మా యింట తీగల పరిశోధనయే. పాతతీగలు పోయి క్రొత్తవి వచ్చెను. హోరు పోలేదు. దుకాణమువారికి ఫోను చేయగా, "ఎర్తు వల్ల వచ్చే హమ్మండీ అది, అందరికీ ఉండేదే. ఎర్తు పుల్ల తగలకుండా టూపిన్ను పెట్టెయ్యండి, పోతుంది" అని చెప్పిరి. ఎర్తు పుల్ల మనుష్యుల ప్రాణము కాచుటకు పెట్టినదని మే మెఱుగుదుము, చిన్నవారును ఎఱుగుదురు. ఐనను "ఒక్క నిమిషము చూచి తీసివేయుదును" అని రెండుపుల్లల యడాప్టరు తగిలించిరి. ఏ మార్పును లేదు. తీసినను అదే హోరు, పెట్టినను అదే హోరు. ఈ చిన్న సంగతిలోనే గుట్టంతయు నున్నది. ఆ దినమున మాలో నెవరికిని తట్టలేదు.

ఆదివారమునాడు పెద్దవారు ఒక్కొక్క తీగ నూడదీయుచు, సెట్టాపు పెట్టెకు వీథినుండి వచ్చు కేబులు తీగను లాగిరి. హోరు తటాలున నాగెను. గదిలో నెంత నిశ్శబ్దము! అందఱము చప్పట్లు కొట్టినంత పని చేసితిమి. కేబులువానిని తిట్టుట గూడ మొదలైనది.

ఆ సందడిలో అత్తగారు క్రొత్తపెట్టెమీద దుమ్మున్నదని తడిగుడ్డ తెచ్చి తుడువబోయి, చేయి వెనుకకు తీసికొనిరి.

"ఇదిగో, ఇక్కడా చీమలే" అనిరి.

ఈ చీమల కథ మేమే చెప్పవలయును. చెప్పుటకు సిగ్గుగా నున్నది. దాదాపు రెండేండ్లుగా అత్తగారు "వాషింగు మిషను మీద చెయ్యి పెడితే చీమలు పాకినట్టుందే అమ్మాయీ" అనుచుండిరి. మేము చేయి పెట్టి చూచితిమి. మాకేమియు లేదు. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు. వ్రేళ్ల తిమ్మిరి యనుకొంటిమి. డాక్టరుగారి యొద్దకు తీసికొనిపోయి, ఆమె నోరు విప్పక మునుపే "అరచేతులలో తిమ్మిరులండీ" అని మేమే చెప్పితిమి. వారు నరముల బలహీనత యని బి-12 మాత్రలు వ్రాసిరి. మాత్రలు వాడుచునే యున్నారు. మధ్యలో నొకటి రెండు సారులు "తిమ్మిరి కాదే, చీమలు" అన్నప్పుడు "మాత్ర వేసికొన్నారా?" అని యడిగితిమి. ఇంతకన్న నేమియు చేయలేదు.

మాకేల తగులలేదు? వాషింగు మిషను పెరటి వసారాలో నున్నది. అచ్చట నెప్పుడును తడి. మేము రబ్బరుచెప్పులు లేక పెరటిలో నడుగు పెట్టము. అత్తగారు జన్మమున చెప్పులు తొడిగి యెఱుగరు.

అత్తగారి మాట విని పెద్దవారు తామును చెప్పులు విడిచి, గచ్చుమీద నిలిచి, వ్రేలి వెనుకభాగముతో పెట్టెను తాకి చూచిరి. వారి ముఖము మాఱినది. వెంటనే మెయిను మీట క్రిందికి దింపిరి. సాయంకాలమునకు ఎలక్ట్రీషియను వచ్చెను.

ఆయన తెచ్చిన పరికరము హోల్డరులో నొక బల్బు, రెండు తీగలు. అంతే. ఒక తీగను సాకెట్టులోని ఫేజు రంధ్రములో, రెండవదానిని న్యూట్రలు రంధ్రములో పెట్టగా బల్బు వెలిగెను. న్యూట్రలునుండి తీసి పైనున్న పెద్ద ఎర్తు రంధ్రములో పెట్టగా వెలుగలేదు. వంటయింట, స్నానపుగదిలో, వసారాలో, ప్రతి సాకెట్టున చూచెను. ఎందును వెలుగలేదు. (ఈ పరీక్ష తెలిసినవారు చేయవలసినది, సోదరీమణులు తామై చేయబూనవలదు.) "అమ్మా, మీ ఇంటికి ఎర్తే లేదు" అనెను. ఇల్లు కట్టినప్పుడు మామగారు దగ్గఱ నిలిచి ఎర్తు వేయించిరని మేము చెప్పితిమి. "ఐతే ఆ గొయ్యి ఎక్కడుందో చూపండి" అనెను.

మే మొకరి ముఖ మొకరు చూచుకొంటిమి.

గొయ్యి తులసికోట ప్రక్కన నుండెడిది. రెండున్నర మీటర్ల యినుపగొట్టము, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు, పైన నొక చిన్న సిమెంటు తొట్టి. నేల యెండిపోయినచో విద్యుత్తు భూమిలోనికి దిగుట కష్టము గనుక దానికి తడి కావలయును. మామగారు చెప్పిపోయిన మాటప్రకారము అత్తగారు ప్రతిదినము తులసికి నీళ్లు పోసి, మిగిలిన చెంబెడు నీళ్లు అందులో పోయుచుండిరి. రెండేండ్ల క్రిందట, వానకాలమున మట్టి యింటిలోనికి వచ్చుచున్నదని మేమిద్దరమును పట్టుపట్టి పెరడంతయు టైల్సు పఱిపించితిమి. తొట్టి అడ్డమని పనివారు పగులగొట్టి పూడ్చిరి. "దానికి నీళ్లు పోయాలి, మూసెయ్యకండి" అని అత్తగా రన్నట్లు మా కిరువురకును జ్ఞాపకమున్నది. తులసికి వేఱుగా కుండీ కొన్నాము గదా యని సమాధానము చెప్పినట్లును జ్ఞాపకమున్నది.

టైల్సు నాలుగు లేపగా గొట్టము కనబడెను. దానికి కట్టిన తీగ తెగి, జానెడు దూరమున పచ్చగా చిలుముపట్టి పడియుండెను.

ఎలక్ట్రీషియను చెప్పినది మాకు అర్థమైనంతవఱకు వ్రాయుదుము. వాషింగు మిషను, యాంప్లిఫయరు మొదలగు వానిలో విద్యుత్తులోని చెత్తను వడగట్టుటకు చిన్న కెపాసిటర్లుండును. వానినుండి కొద్దిపాటి విద్యుత్తు పైరేకునకు చేరి, ఎర్తు తీగగుండ భూమికి పోవలయును. ఎర్తు తెగినప్పుడు పోవుటకు దారి లేక రేకుమీదనే నిలుచును. 230 వోల్టులలో దాదాపు సగము. ప్రవాహ మత్యల్పము గనుక ప్రాణము తీయదు, చీమలవలె ప్రాకును. క్రొత్త యాంప్లిఫయరులో నా విద్యుత్తు వేఱొక దారి వెదకికొన్నది. ఐదు తీగల పైతొడుగులగుండ రిసీవరులోనికి, అందుండి సెట్టాపు పెట్టెకు, అందుండి కేబులు తీగవెంట వీథిలోనికి. పాట నడువవలసిన త్రోవలో నది నడచుటచే హోరు. కేబులు తీగ లాగగనే ఆ దారియు మూసికొనిపోయి హోరు పోయినది. అప్పుడు అత్తగారి చేయి తగిలినది. రెండు నొక్కటే.

అంతమాత్రమైన భయము లేదు. కాని వాషింగు మిషను లోపల నేదైన తీగ పైతొడుగు చెడి ఫేజు నేరుగా రేకును తాకినచో? ఎర్తు ఉన్నయెడల పెద్ద ప్రవాహము భూమికి పోయి ఎం.సి.బి. మీట తనంత పడిపోవును. ఎర్తు లేనియెడల మీట పడదు. తడినేలమీద చెప్పులు లేక నిలిచిన మనిషి వచ్చి తాకువఱకు ఆ రేకు అట్లే యుండును. రెండేండ్లు మా యింట రేకు అట్లే యుండినది. బట్టలు మిషనులో వేయుట అత్తగారి పని. ఆమె యడిగి పెట్టించుకొన్న పని.

మఱునాడే క్రొత్తతీగ వేయించి గొట్టమునకు బిగించితిమి. మెయినుబోర్డులో ముప్పది మిల్లియాంపియర్ల ఆర్.సి.సి.బి. గూడ పెట్టించితిమి. పోయిన విద్యుత్తంతయు తిరిగి రాక కొంత మనిషిగుండ భూమికి పోవుచున్నదని తెలిసిన క్షణముననే యది ఇంటికి విద్యుత్తును ఆపివేయును. దానిమీద "టెస్టు" అని యొక చిన్న మీట యున్నది. నెలకొకమాఱు నొక్కి చూడవలయునట. మేము కేలండరులో పాలలెక్క ప్రక్కన గుర్తు పెట్టుకొంటిమి.

యాంప్లిఫయరు మాట మఱచితిమి. ఎర్తు వచ్చినపిదప హోరు నూటికి తొంబదివంతులు పోయెను. కేబులు తీగకును ఎర్తునకును మధ్య మిగిలిన కొంచెపు సవ్వడి, ఆ తీగమధ్య ఐసొలేటరను చిన్న బిళ్ల పెట్టగా పోయెను. ఐదు స్పీకర్లకు బలము పెరిగి, సొంత యాంప్లిఫయరు గల సబ్ ఊఫరు ఉన్నచోటనే యుండుటచే మొదట మృదంగము మూగపోయినట్లుండెను. రిసీవరుతో వచ్చిన మైకును సోఫామీద నిలిపి కొలతలు మరల తీయించగా సరిపడెను. క్రొత్త యాంప్లిఫయరు కొనువారు ఆ కొలతలు మరల తీయవలసినదే. మీట వేయునప్పుడు రిసీవరు ముందు, యాంప్లిఫయరు తరువాత. ఆపునప్పుడు యాంప్లిఫయరు ముందు. లేనిచో స్పీకర్లు ధబ్బుమని యదరును.

మా తీర్పడిగినచో, రోజువారీ వార్తలకు, సీరియళ్లకు వీసమంత భేదము లేదు. యుద్ధములు, వానలు, వంద వాద్యములు కలిసి మ్రోగు పాటలు పెద్దగా పెట్టుకొన్నప్పుడు మాత్రము చెవి నొవ్వదు. రిసీవరుమీద చేయి పెట్టిన మునుపటివలె కాలదు. పురుషులిద్దఱును ఇంతకన్న చాల యెక్కువ చెప్పుదురు. వారి సంతోషము వారిది.

మొన్న శనివారము రాత్రి టీవీలో "మాయాబజార్" వచ్చెను. నలుపుతెలుపు ప్రతి. ఆ చిత్రము 1957 నాటిది; శబ్దమంతయు నొక్కటే పాయ. కావున రిసీవరు దానినంతయు నడిమి స్పీకరునకే పంపును. తక్కిన నాలుగును మౌనము. అత్తగారు ఆ స్పీకర్లను ఒక్కొక్కదానినే చూచి, "ఇంత డబ్బు పోసి ఒక్కదాన్నే పలికిస్తారేమిట్రా?" అనిరి. పెద్దవారు 2010లో రంగులు వేసి విడుదల చేసిన ప్రతిలో శబ్దమును గూడ విడదీసిరని చెప్పబోయిరి. "ఉండరా, మాటలు విననీ" అని ఆమె వారించిరి.

టైల్సులో గొట్టమునకు సరిగా పైని జానెడు కంత యుంచి, ఇత్తడి మూత పెట్టించితిమి. అత్తగారు ప్రొద్దుట తులసికి పోసినపిదప మూత తీసి చెంబెడు నీళ్లు పోయుచున్నారు. మాత్రలు ఆపవచ్చునా యని డాక్టరుగారి నడుగుటకు ఈ గురువారము పోవుచున్నాము. ఈసారి ఆమెయే చెప్పుదురు. మేడమీది గది కప్పు మాత్ర మింకను కారుచునేయున్నది. తరువాతి చీటీ శ్రావణములో.